అమ్మ చీరలతో గోడకు వేలాడదీసే బొంత: కోయొచ్చా, ఏం వేయాలి?

ముందుగా ఒక మాట. ఆ ట్రంకుపెట్టెలో చీరలు ఇంకా ఉతకలేదంటే అలాగే ఉంచండి. ఉతికేసి ఉంటే సరే, దానికి టెన్షన్ పడొద్దు. కానీ మరకలు పోవాలని ఏ పౌడరూ, ఏ లిక్విడూ మాత్రం వేయొద్దు. ఎందుకో కింద చెబుతాను.

మీరు అడిగినదాంట్లో నాకు అర్థమైంది ఇది. అమ్మగారు మూడేళ్లు జబ్బుతో ఉండి చనిపోయారు, ఏడాది దాటింది. చిత్తూరులో మీ ఇంట్లో ఆమె చీరలు ముప్ఫై దాకా ఉన్నాయి. వాటితో గోడకు వేలాడదీసే పెద్ద గుడ్డ ఒకటి చేయాలనుకుంటున్నారు. మూడు సమాన భాగాలు: ఒకదాంట్లో బాధ, ఒకదాంట్లో ఆశ, ఒకదాంట్లో మళ్లీ చిగురించడం. మధ్యమధ్యలో ఆ చీరల మీదే కలంకారీ బొమ్మలు. మీ చిన్నమ్మేమో పోయినవాళ్ల చీరలకు కత్తెర పెట్టకూడదంటోంది. మీకు కుట్టు కొద్దిగా వచ్చు, కలంకారీ రాదు.

నేను ముప్ఫై ఏళ్లుగా శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టిన దాన్ని. ఇప్పుడు తిరుపతిలో ఆడవాళ్లకు బొంత కుట్టడం కూడా నేర్పుతున్నాను. రెండు పనులూ తెలుసు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చిన్నమ్మ మాట ముందు తేల్చుకుందాం. అది తేలకుండా మీరు కత్తెర పట్టుకున్నా చెయ్యి ఆడదు. మన పక్క పసిబిడ్డలకు బొంతలు కుట్టేది పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ నూలు కోకలతోనే కదా. కొత్త గుడ్డ ఒంటికి గుచ్చుకుంటుందని పాతది వెతికి మరీ కుడతారు. మా అత్త పోయిన ఎనిమిదో నెలలో నా కూతురు కాన్పుకు వచ్చింది. అత్త కోకలు రెండు మడిచి మా ఆడబిడ్డే బొంత కుట్టింది. బిడ్డ కింద అది పరిచినప్పుడు ఎవరూ అశుభం అనలేదు. "మీ ముత్తవ్వ ఒళ్లో పడుకున్నావురా" అన్నారు. ఈ మాట చిన్నమ్మకు గుర్తు చేయండి. ఆమె భయం కత్తెర గురించే అయితే కత్తెర లేకుండానే పని జరుగుతుంది. నూలు చీరకు అంచు మీద చిన్న గాటు పెట్టి రెండు చేతుల్తో లాగితే పేక పోగు వెంబడే తిన్నగా చినుగుతుంది. కత్తెరతో కోసినదానికంటే నిటారుగా వస్తుంది. ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు మాత్రం గుండె కలుక్కుమంటుంది. ముందే చెబుతున్నాను.

పెళ్లి చీర జోలికి ఇప్పుడు పోవద్దు. మొదటి పనిలో చెయ్యి తప్పులు చేస్తుంది. ఆ తప్పులు రోజూ కట్టుకున్న చీరల మీద జరిగితే ఫరవాలేదు. ఇంకో సంగతి, చీరలన్నీ మంచం మీద పరిచి చిన్నమ్మను పిలవండి. ఏ చీర ఎప్పటిదో, ఎవరు పెట్టిందో మీకంటే ఆమెకే ఎక్కువ తెలుస్తుంది. ఆమె చెప్పింది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. రెండో రోజుకు ఆమే సూది అడుగుతుంది, చూడండి.

ఇక మరకల సంగతి. మా అమ్మకు తాంబూలం అలవాటు. నోరు తుడుచుకునేది ఎప్పుడూ కొంగు కొసతోనే. లేత పసుపు వెంకటగిరి నూలు చీర ఒకటి ఉండేది. దాని కొంగు మీద అరచేయంత ఇటుకరంగు మరక. అమ్మ పోయాక దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెడదామనుకున్నాను. గోడకు పెట్టేది శుభ్రంగా ఉండాలి కదా అని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, నిమ్మకాయ రుద్ది, రెండు రోజులు కష్టపడి పోగొట్టాను. గాజు వేయించి గోడకు తగిలించాక మా తమ్ముడు వచ్చాడు. కాసేపు చూసి, "బాగుందక్కా, ఎక్కడ కొన్నావు?" అన్నాడు. రంగుల పనిలో అన్నేళ్లున్న మనిషిని, నాకే ఆ బుద్ధి లేకపోయింది. ఆ ఫ్రేము ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటాను.

అందుకే మీ చీరల్ని రంగు చూసి, డిజైన్ చూసి ఏరుకోవద్దు. వెలుగులో పట్టుకుని చూడండి. ఎడమ భుజం దగ్గర రోజూ పిన్నీసు గుచ్చి గుచ్చి జల్లెడలా అయిన చోటు ఉంటుంది. పాదాల దగ్గర అంచు అరిగి పోగులు లేచి ఉంటాయి. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడిన చిల్లి, గేటు కమ్మీకి పట్టుకుని చిరిగితే వేసుకున్న మాసిక, మందు ఒలికిన మరక. వీటి పక్కన ఒక దారపు ముడి వేసి గుర్తు పెట్టుకోండి. మీ బొంతలో ఏది ఎక్కడికి రావాలో ఈ ముడులే చెబుతాయి. 2021 నవంబరు వరదల్లో మా దగ్గర నేర్చుకునే ఒకామె ఇంట్లోకి నీళ్లొచ్చి బీరువా మునిగింది. ఎర్ర చీర రంగు దిగి కింద ఉన్న తెల్ల చీరకు పట్టింది, మడత మడతకూ ఒక మచ్చ. పారేయబోతుంటే ఆపాం. మడత విప్పి పరిస్తే ఒకే మచ్చ పన్నెండుసార్లు, పోనుపోను పలచబడుతూ కనిపించింది. దాని మీద ఆమె ఒక్క బొమ్మ కూడా వేయలేదు. మచ్చ అంచు వెంబడి సన్నగా కుట్టుకుంటూ పోయింది, అంతే. వరద గురించి అంతకంటే బాగా చెప్పిన గుడ్డ నేను చూడలేదు.

మీ ప్రశ్నలో నాకు తట్టిన పెద్ద లోటు వేరే ఉంది. మూడేళ్ల జబ్బన్నారు. చివరి రోజుల్లో ఆమె చీర కట్టుకోగలిగారా? చాలా ఇళ్లలో మంచాన పడ్డవాళ్లకు నైటీలే వేస్తారు. చీరలన్నీ ఆమె బాగున్న రోజులవి. ఆ కష్టం చూసినవి నైటీలు, ఆసుపత్రికి తీసుకెళ్లిన దుప్పటి, ముఖం తుడిచిన టవలు. వాటిని ఎవరూ దాచుకోరు, చూడలేక ముందు వాటినే పారేస్తారు. ఒక్కటైనా మిగిలి ఉంటే మీ మొదటి భాగానికి గుడ్డ అదే. మిగల్లేదంటే అక్కడ ఉత్త తెల్ల గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) పెట్టి వదిలేయండి. దాని స్థానంలో ఏడుస్తున్న కన్ను బొమ్మ మాత్రం పెట్టొద్దు.

అది ఎందుకంటున్నానంటే, ఇలాంటి పని చేయాలని వచ్చేవాళ్లు తెచ్చే స్కెచ్చులు నాకు కంఠతా వచ్చేశాయి. బాధకు కన్నీటి చుక్క, ఎండిన చెట్టు. ఆశకు దీపం. చివరికి తామరపువ్వు, వెనకాల సూర్యుడు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మకూ దీనికీ తేడా ఏముంది? మీ అమ్మ అందులో ఎక్కడున్నారు? తామరపువ్వు ఎవరి ఇంటి గోడ మీదైనా ఉండొచ్చు. పిన్నీసు చిల్లులు ఉన్న భుజం ముక్క ఒక్క మీ ఇంట్లోనే ఉంటుంది.

మూడు భాగాలన్నారు కాబట్టి అలా చేసి నెగ్గినవాళ్ల కథ ఒకటి చెబుతాను. దక్షిణాఫ్రికాలో తూర్పు కేప్ ప్రాంతంలో సముద్రం దగ్గర హాంబర్గ్ అనే చిన్న ఊరుంది. ఎయిడ్స్ వచ్చి ఆ చుట్టుపక్కల పని చేసే వయసువాళ్లను ఎత్తుకుపోయింది. అవ్వలూ మనవళ్లూ మిగిలారు. కైస్కామా ఆర్ట్ ప్రాజెక్ట్ అని అక్కడి ఆడవాళ్లు నూరుమందికి పైగా కలిసి 2005లో దారాలతో, పూసలతో ఒక పెద్ద పని చేశారు. తలుపుల్లా తెరుచుకుంటూ పోయే మూడు పొరలు. నమూనా ఏమిటంటే, 1512కూ 1516కూ మధ్య గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు ఇసెన్‌హైమ్ మఠానికి వేసిన బొమ్మ. ఆ మఠంలో ఆసుపత్రి ఉండేది. బూజు పట్టిన ధాన్యం తిని ఒళ్లంతా మంటలతో కుళ్లిపోయే రోగులు అక్కడికి వచ్చేవాళ్లు. గ్రూనెవాల్డ్ సిలువ మీది క్రీస్తు ఒంటి మీద కూడా పుండ్లు వేశాడు.

హాంబర్గ్ ఆడవాళ్లు సిలువ ఉండే చోట ఒక వితంతువును నిలబెట్టారు, చుట్టూ తల్లీ తండ్రీ లేని పిల్లలు. ఆ తలుపులు తెరిస్తే లోపల రంగులూ సంబరమూ. అదీ తెరిస్తే చివరి పొరలో ముగ్గురు అవ్వలు, మనవళ్లతో, నిలువెత్తు ఫొటోల్లో. దేవతలు కారు, ఆ ఊరివాళ్లే. నన్నడిగితే ఆ రెండో పొర ఎవరైనా కుట్టగలరు. మూడోది ఆ ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. పోయినవాళ్ల పిల్లలకు ఇప్పుడు అన్నం పెడుతున్నది ఎవరో చూపించారు, అక్కడితో ఆపేశారు.

మీ ఇంట్లో ఆ మూడో పొర ఏది? ఆమె రాగి సంగటి తెడ్డు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఆమె పెంచిన కనకాంబరాల మడికి నీళ్లు పోస్తున్నది ఎవరు? మీ పాపకు ఆరేళ్లని రాశారు, పొట్టయిపోయిన స్కూలు యూనిఫారం ఉంటుంది కదా. అవ్వ చీర పక్కన ఆ గళ్ల గుడ్డ అతికితే చాలు, చిగురు బొమ్మ అక్కర్లేదు.

అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్లు తరతరాలుగా బొంతలు కుడుతున్నారు. వాళ్లలో మిజూరీ పెట్వే అనే ఆమె 1942లో, భర్త పోయాక, అతను పొలంలో తొడుక్కున్న బట్టలతో బొంత కుట్టుకుంది. కప్పుకోవడానికే. ఇప్పుడు దాన్ని కళాఖండమంటున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా క్లాసుకు వచ్చిన ఒకామె గుర్తొచ్చింది. పుత్తూరు పక్క పల్లె, భర్త లారీ డ్రైవరు. అతని లుంగీలు నాలుగు, ఖాకీ చొక్కా ఒకటి తెచ్చింది. లుంగీలు చించి పరిచింది గానీ చొక్కా జేబు దగ్గర ఆగిపోయింది. జేబు అడుగున పెన్ను కారిన నీలం మచ్చ ఉంది. జేబును విప్పి సాపుగా కుట్టేద్దామా, మూసేద్దామా అని అడిగింది. తెరిచే ఉంచమన్నాను. మూడు పక్కలా కుట్టి పై మూతి వదిలేసింది. ఆ బొంత వాళ్ల మనవడు కప్పుకుంటాడు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ జేబులో రెండు గోళీలు, ఒక చాక్లెట్ కాగితం ఉన్నాయి.

రంగుల గురించి రెండు ముక్కలు. బాధ అనగానే నలుపు, ఆశ అనగానే ఆకుపచ్చ, ఈ లెక్క వదిలేయండి. చిలీ దేశంలో 1973లో సైన్యం అధికారం పట్టుకున్నాక ఎంతోమంది మనుషులు కనబడకుండా పోయారు. వాళ్ల ఆడవాళ్లు గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలు అతికి తమ కథలు కుట్టారు. అర్పియెరా అంటారు వాటిని. దూరం నుంచి చూస్తే పిల్లల బొమ్మల పుస్తకంలా కళకళలాడుతుంటాయి. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, అక్కడ పోలీసులు మనిషిని ఈడ్చుకెళ్తున్నారని. మన కలంకారీలో అయితే నలుపు దుఃఖం రంగే కాదు. అది గీత. ఆ గీత లేకుంటే దేవుడికి ముక్కూ లేదు, కన్నూ లేదు.

ఇప్పుడు కలంకారీ. అమ్మ చీర మీదే వేయొచ్చా అని అడిగారు. వద్దు. మొదటి కారణం, చాలా చీరలకు అది పట్టదు. ప్రతి చీర అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. ముడుచుకుని గట్టి పూసలా అయితే పాలిస్టర్, కలంకారీకి ముందుగా పట్టించే కరక్కాయ నీళ్లు దానికి అంటవు. రెండో కారణం ముఖ్యమైనది. మా నల్లరంగు కసిమిలో ఉండేది ఇనుము. ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. చాలా పాత అద్దకపు గుడ్డల్లో నల్లగీత ఉన్న చోటే ముందుగా పొడిపొడిగా రాలిపోతుంది. అసలే మెత్తబడి పిగిలే దశలో ఉన్న చీర మీద మీరు చేతులారా ఆ పని చేయొద్దు. కొత్త గాడా గుడ్డ మీద వేసి ఆ ముక్కను చీరల మధ్య అతకండి.

పద్ధతి ఇలా ఉంటుంది. గాడా గుడ్డ గంజి పోయేదాకా నానబెట్టి ఉతికి ఆరేస్తాం. కరక్కాయ పొడి పచ్చి ఎనుము పాలల్లో కలిపి, గుడ్డ అందులో ముంచి పిండి ఎండలో వేస్తాం. పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు చెదరదు. కరక్కాయ ఉంటేనే కసిమి నల్లగా మారుతుంది, లేని గుడ్డ మీద గీస్తే తుప్పు మరకలా ఉంటుంది. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీళ్లు. కుండ మూత తీస్తే ఇల్లంతా పుల్లటి వాసన, ఇంట్లోవాళ్లు గొడవ చేస్తారు. ఒక్క బొంత కోసం మీరు అంత పెట్టుకోనక్కర్లేదు, కాళహస్తిలో పనిచేసేవాళ్లను అడిగితే ఒక సీసా ఇస్తారు. చింతపుల్ల బొగ్గుతో ముందు గీసుకుని, వెదురు పుల్లకు ఉన్ని చుట్టిన కలంతో దిద్దుతాం. ఉన్నిని వేళ్లతో నొక్కేదాన్ని బట్టి గీత లావూ సన్నమూ. ఇది చేతికి రావడానికే నెలలు పడుతుంది.

ఎరుపు గురించి చెప్పకుండా ఉండలేను. ఎర్ర రంగు మేం కలంతో పూయం. పటిక నీళ్లు పూస్తాం. పూసిన చోట దాదాపు ఏమీ కనబడదు, ఎక్కడ పూశామో తెలియడానికి దాంట్లో కాస్త రంగు కలుపుకుంటాం. తర్వాత పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కకు పోయి మళ్లీ అంటుకుంటుంది. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. ఇప్పుడు ఏట్లో నీళ్లు లేనప్పుడు బోరు కిందే జాడిస్తున్నాం. ఆ గుడ్డను మంజిష్ఠ, సురుడుచెక్క వేసి మరిగించిన డేగిసాలో వేసి కట్టెతో తిప్పుతూ ఉంటే, పటిక ఉన్న చోట మాత్రం ఎరుపు మెల్లగా పైకి వస్తుంది. ముప్ఫై ఏళ్లయినా ఆ డేగిసా దగ్గర నుంచి నేను కదలను.

కాళహస్తి గుడి తెరల్లో మధ్యన ఒక పెద్ద బొమ్మ, చుట్టూ వరుసల్లో చిన్న చిన్న గళ్లు, వాటి దగ్గర తెలుగులో రాత ఉంటుంది. 1950లకు ఈ పని చేసే చేతులు కొద్దిగానే మిగిలాయి. కమలాదేవి ఛటోపాధ్యాయ్ గారి చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చాక మళ్లీ నిలబడింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి లాంటివాళ్లు ఆ వరుసల్లో కథ చెప్పే పద్ధతిని ముందుకు తెచ్చారు. మూడు సమాన భాగాల కంటే ఈ వరుసలే మీకు సరిపోతాయి. కష్టమూ సుఖమూ వరసగా వచ్చిపోయాయా ఏమన్నా? జబ్బు మూడేళ్లలో కూడా ఆమె ఎప్పుడో ఒకసారి నవ్వే ఉంటారు. గళ్లయితే పక్కపక్కనే పెట్టుకోవచ్చు, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ చేసుకోవచ్చు. రాత కూడా పెట్టండి. ఆమె చేత్తో రాసిన సరుకుల చీటీ ఏదైనా ఉంటే కార్బన్ పేపరుతో గుడ్డ మీదికి దించి కాడకుట్టుతో (స్టెమ్ స్టిచ్) కుట్టండి. అక్షరదోషాలు దిద్దొద్దు.

కలంకారీ నిజంగా నేర్చుకోవాలని ఉంటే తిరుపతిలో టీటీడీ వారి శిల్ప కళాశాలలో కోర్సు ఉంది. బొంత కోసమైతే దాని కోసం ఆగనక్కర్లేదు.

కుట్టు సంగతి చిన్నదే. అడుగున ఒక పూర్తి నూలు చీర మడత, మధ్యలో ఇంకోటి, పైన ముక్కలు. మొత్తం ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి బిగించుకోండి, లేకపోతే పొరలు జారి మధ్యలో ఉబ్బుతాయి. తర్వాత మామూలు ముందు కుట్టే (రన్నింగ్ స్టిచ్), బియ్యపు గింజంత దూరంలో. బెంగాల్‌లో కాంథా కుట్టేవాళ్లు పాత చీర అంచుల్లోంచే దారం లాగి వాడేవాళ్లు, మీరూ ప్రయత్నించండి. తెగుతూ ఉంటుంది, జానెడు జానెడు దారంతోనే కుట్టాలి. పిగిలిపోతున్న చోట కింద కొత్త నూలు గుడ్డ ఆసరా పెట్టండి. మొదటే గోడంత చేయొద్దు, మూరెడు చదరంతో మొదలుపెట్టండి. గోడకు తగిలించేటప్పుడు మేకులు కొట్టకుండా వెనక గొట్టంలా గుడ్డ కుట్టి కర్ర దూర్చండి. ఎండ నేరుగా పడే గోడ వద్దు.

ఈ ఆదివారం చీరలు బయట పెట్టి పోగులు కాల్చి చూడండి. ఏది బూడిదైంది, ఏది పూసకట్టింది రాసి పెట్టండి. నైటీ ఏమన్నా దొరికిందేమో కూడా చెప్పండి. ఏది అడుగుకు పోవాలో, ఏది పైకి రావాలో అప్పుడు మాట్లాడుకుందాం.